పెట్ స్కాన్ ట్రేసర్లు: అపోహలు, వాస్తవాలు

పెట్ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే రేడియోధార్మిక మందును ట్రేసర్ అంటారు. అది ఒంట్లో ఎక్కడ చేరితే స్కాన్ బొమ్మలో అక్కడ వెలుగుతుంది. కొత్త ట్రేసర్లు తయారుచేయడం నా పని. ఈ మాట చెప్పగానే కొందరు సరదాకి ఒక అడుగు వెనక్కి వేసి, "చీకట్లో మీరు కూడా మెరుస్తారా?" అంటారు. దానికి నవ్వేసి ఊరుకుంటాను. రిపోర్టు చేతిలో పట్టుకుని భయంభయంగా అడిగేవాళ్లకు మాత్రం సరిగ్గా జవాబు చెప్పాలి.

అపోహ: ఆ రేడియేషన్ ఒంట్లోనే ఉండిపోతుంది.

ఉండదు. ట్రేసర్లలో ఎక్కువగా వాడే రేడియోధార్మిక పరమాణువు ఫ్లోరిన్-18. దాని అర్ధాయువు 110 నిమిషాలు. అంటే ప్రతి 110 నిమిషాలకూ ఉన్నదాంట్లో సగం తరిగిపోతుంది. 19 గంటలు దాటేసరికి వెయ్యో వంతు కూడా మిగలదు. మూత్రంలో పోయేది దీనికి అదనం. 370 మెగాబెక్వెరెల్ (రేడియోధార్మికత కొలమానం) డోసు ఇచ్చారనుకుందాం. అందులోని ఫ్లోరిన్-18 బరువు గ్రాములో దాదాపు వెయ్యి కోట్లో వంతు. దానివల్ల ఒంటికి తగిలే రేడియేషన్, దాన్ని కొలిచే లెక్కలో, సుమారు 7 మిల్లీసీవర్టులు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతూనే ఉంటుంది. అలాగని అసలేమీ కాదని కొట్టిపారేయను. పెట్‌తో పాటే తీసే సీటీ స్కాన్ డోసు వేరే ఉంటుంది. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

అపోహ: స్కాన్‌లో వెలిగిందంతా క్యాన్సరే.

రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని అపోహ ఇదే. అందరికీ తెలిసిన ట్రేసర్ ఎఫ్‌డీజీ. గ్లూకోజ్‌లో రెండో కార్బన్ దగ్గరి ఆక్సిజన్ గుంపును తీసేసి, అక్కడ ఫ్లోరిన్-18 పెడితే అదే. కణం దాన్ని చక్కెరే అనుకుని లోపలికి లాక్కుని, ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ తర్వాతి మెట్టు ఎక్కడానికి ఆ ఆక్సిజన్ కావాలి, అది లేదు. దాంతో అక్కడే ఇరుక్కుపోతుంది. అంటే ఈ ట్రేసర్‌కు తెలిసింది చక్కెర ఎక్కడ ఎక్కువ ఖర్చవుతోందన్నదే, క్యాన్సర్ ఎక్కడుందని కాదు. అందుకే మెదడు ఎప్పుడూ వెలుగుతుంది. మూత్రంలో పోయే ట్రేసర్ చేరడంతో మూత్రాశయం వెలుగుతుంది. క్షయ గడ్డలు, వాపులు, టీకా వేయించుకున్న వైపు చంకలోని గ్రంథులు కూడా వెలుగుతాయి. చలిగా ఉన్న గదిలో కూర్చుంటే మెడ దగ్గరి బ్రౌన్ ఫ్యాట్ (ఒంటికి వేడి పుట్టించే కొవ్వు) వెలుగుతుంది. మరోవైపు, చాలా ప్రొస్టేట్ క్యాన్సర్లు ఎఫ్‌డీజీకి సరిగ్గా కనబడవు. అందుకే వాటి కోసం పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్‌ను పట్టుకునే ట్రేసర్లు వచ్చాయి.

అపోహ: ఉన్న మందుకే రేడియోధార్మిక పరమాణువు అతికిస్తే ట్రేసర్ అయిపోతుంది.

అంత తేలికైతే మా సగం ఉద్యోగాలు ఉండేవి కావు. అతికించడం కష్టమే, కానీ అసలు తంటా ఆ తర్వాతే. అణువు వెళ్లాల్సిన చోటికి వెళ్లాలి, మిగతా చోట్ల నుంచి త్వరగా ఖాళీ చేయాలి. రెండోది కుదరకే ఎక్కువ అణువులు మూలనపడతాయి.

ఒకసారి మెదడులోని ఒక రిసెప్టర్ (కణం మీద అణువులు అతుక్కునే చోటు) కోసం అణువు తయారుచేశాం. పరీక్షనాళికలో చక్కగా అతుక్కుంది. ఎలుకకు ఎక్కించి స్కాన్ తీస్తే తెరమీద వెన్నెముక, పక్కటెముకలు, పుర్రె ఒక్కొక్కటిగా తేలాయి. మెదడు బొమ్మ కోసం చూస్తుంటే అస్థిపంజరం వచ్చింది! ఒంట్లోని ఎంజైములు మా అణువు నుంచి ఫ్లోరిన్‌ను తెంపేశాయి, తెగిన ఫ్లోరైడ్ నేరుగా ఎముకల్లో చేరింది. ఫ్లోరిన్ తగిలించే చోటు మార్చి మళ్లీ మొదటికొచ్చాం.

బొమ్మ బాగా వచ్చినా నమ్మడానికి లేదు. రేడియోధార్మికత లేని అదే అణువును ముందుగా దండిగా ఎక్కించి, తర్వాత ట్రేసర్ ఇస్తాం. రిసెప్టర్ సీట్లన్నీ ముందే నిండిపోతాయి కాబట్టి వెలుగు తగ్గాలి. తగ్గకపోతే అది రిసెప్టర్‌కు కాకుండా కొవ్వుకో మరోదానికో అంటుకుని మమ్మల్ని మోసం చేస్తోందన్నమాట. ఈ ప్రయోగం రోజున నాకిప్పటికీ టెన్షనే.

అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్‌ను చూపించే పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బి సంగతే చూడండి. దాని మూలం థయోఫ్లేవిన్-టీ అనే పాత రంగు. అమిలాయిడ్‌కు అది బాగానే అంటుకునేది, కానీ విద్యుదావేశం ఉండటంతో రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన క్లంక్, మాథిస్‌ల బృందం ఆ ఆవేశం లేని అణువును తయారుచేశాకే దారి దొరికింది. 2002లో స్వీడన్‌లోని ఉప్సలలో తొలిసారి మనిషికి ఇచ్చారు.

అపోహ: ఒకేసారి ఎక్కువ చేసి నిల్వ పెట్టుకోవచ్చు.

అలా కుదరదు. 1976లో ఎఫ్‌డీజీని తొలిసారి మనిషికి ఇచ్చినప్పుడు అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో తయారుచేసి ఫిలడెల్ఫియాకు విమానంలో పంపారు. ఆ దారిలో కూడా అది తరుగుతూనే ఉంది. ట్రేసర్లలో వాడే మరో పరమాణువు కార్బన్-11 అర్ధాయువైతే 20 నిమిషాలే. పక్క గదిలో సైక్లోట్రాన్ (కణాలను వేగంగా పరిగెత్తించి ఇలాంటి పరమాణువులను పుట్టించే యంత్రం) లేకపోతే దాని ఊసెత్తకూడదు.

మా రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. ఆక్సిజన్-18 ఉన్న నీటిని సైక్లోట్రాన్‌లో ప్రోటాన్లతో కొడితే ఫ్లోరిన్-18 పుడుతుంది. అది గొట్టంలోంచి సీసం గోడల పెట్టెలోకి వస్తుంది. మిగతాదంతా లోపలి యంత్రమే చేస్తుంది, మేం తెరమీద మీటర్లు చూస్తూ నిలబడతాం. చివర్లో పీహెచ్ (ఆమ్లత), శుద్ధత, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం), అర్ధాయువు అన్నీ పరీక్షించాలి. వడపోత ఫిల్టర్ చిరగలేదని తేల్చే పరీక్ష ఒకటుంది. అది ఫెయిలైతే ఆ పూట బ్యాచ్ పక్కకే. మరి సూక్ష్మజీవుల పరీక్ష? దానికి 14 రోజులు పడుతుంది, అప్పటికి స్కాన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అందుకే మిగతా పరీక్షల్లో అంత చాదస్తం.

అపోహ: ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు కూర్చోబెట్టడం స్టాఫ్ నిర్లక్ష్యమే.

ఎఫ్‌డీజీ కణాల్లోకి చేరి ఇరుక్కోవడానికి, మిగిలింది రక్తంలోంచి పోవడానికి ఆ గంట కావాలి. మౌనంగా, కదలకుండా కూర్చోమని చెప్పేదీ అందుకే. ఆ గంటా కబుర్లు చెప్తే గొంతు కండరాలు వెలుగుతాయి. చూయింగ్ గమ్ నమిలితే దవడలు వెలుగుతాయి.