విమానాల మోత, కొత్త ఎయిర్‌పోర్టు: సియాటిల్ చుట్టుపక్కల వినిపించే అపోహలు, అసలు సంగతులు

సియాటిల్-టకోమా విమానాశ్రయాన్ని అక్కడ అందరూ సీటాక్ అంటారు. దాన్ని ఆనుకుని కొన్ని చిన్న నగరాలున్నాయి: అదే పేరుతో ఉన్న సీటాక్, బ్యూరియన్, డిమోయిన్స్, నార్మండీ పార్క్, టక్విలా. ఇంకాస్త దక్షిణాన ఫెడరల్ వే. ఈ నగరాల్లో విమానాల వ్యవహారం చూసే సిబ్బంది పనిలో సగం లెక్కలైతే, మిగతా సగం ఎవరి చేతిలో ఏముందో జనానికి చెప్పడం. విమానాశ్రయం యజమాని పోర్ట్ ఆఫ్ సియాటిల్. దానికి ఎన్నికైన ఐదుగురు కమిషనర్లుంటారు. గాలిలో విమానం ఏ దారిన పోవాలో చెప్పేది ఫెడరల్ విమానయాన సంస్థ ఎఫ్ఏఏ. ఏ ప్లాటులో ఇల్లు కట్టవచ్చు, దాని గోడలు ఎంత శబ్దాన్ని ఆపాలి అనేవి నగరం చేతిలో ఉంటాయి. కింది అపోహల్లో చాలావరకు ఈ మూడింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లే పుట్టాయి.

అపోహ: సిటీ కౌన్సిల్ తలుచుకుంటే రాత్రి విమానాలు ఆపేయగలదు.

వాస్తవం: ఆపలేదు. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ నగరం రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా జెట్ల టేకాఫ్‌లను నిషేధిస్తూ చట్టం చేస్తే, 1973లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. విమానాల వేళలు ఫెడరల్ ప్రభుత్వ పరిధిలోవని తేల్చింది. విమానాశ్రయ యజమానికి మాత్రం కొంత వెసులుబాటు మిగిలింది. 1990లో వచ్చిన విమాన శబ్దం, సామర్థ్యాల చట్టం దాన్ని కూడా బిగించేసింది. ఇప్పుడు తిరుగుతున్న జెట్లపై కొత్తగా రాత్రి నిషేధం పెట్టాలంటే ‘పార్ట్ 161’ అనే అధ్యయనం చేసి ఎఫ్ఏఏ అనుమతి తెచ్చుకోవాలి. బర్‌బ్యాంక్ విమానాశ్రయం ఆ దారిలో వెళ్తే 2009లో తిరస్కరణ వచ్చింది, లాస్ ఏంజెలస్‌కు 2014లో వచ్చింది. “మరి శాన్ హోసేలో రాత్రి 11:30 నుంచి 6:30 దాకా నిషేధం ఉంది కదా?” అని బే ఏరియాలో ఉండి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అది 1990కి ముందు నుంచీ ఉన్నది కాబట్టి బతికింది.

సీటాక్‌లో 2019 నుంచి ఉన్నది స్వచ్ఛంద కార్యక్రమం మాత్రమే. అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా ఎక్కువ మోత చేసే విమానాలను తగ్గించుకోమని, వేళ మార్చుకోమని ఎయిర్‌లైన్లను అడుగుతారు. ఆ గంటల్లో మూడో రన్‌వే వాడకం తగ్గించాలన్న అవగాహన కూడా ఉంది. జరిమానా లేదు. అయినా ఎవరెన్నిసార్లు శబ్ద పరిమితి దాటారో అందరికీ తెలిసేలా లెక్క బయటపెట్టడం కొంత పని చేస్తుంది.

అపోహ: విమాన శబ్దం మ్యాపులో 65 డెసిబెల్స్ గీతకు బయట ఉన్నాం కాబట్టి మా ఇంటికి మోత లేనట్టే.

ఇదే అన్నిటికంటే లోతైనది, నిదానంగా చూడాలి. ఆ గీత డీఎన్ఎల్ అనే కొలతది, అంటే పగలు-రాత్రి సగటు శబ్దం. ఏడాది పొడవునా విమానాల శబ్దశక్తినంతా కలిపి ఒక సగటు రోజుకు సర్దుతారు. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా వెళ్లే ప్రతి విమానానికి 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు, అంటే రాత్రి ఒకటి పగలు పదింటితో సమానం. ఒక విమానం వచ్చి పోయేదాకా ఉన్న శబ్దాన్నంతా ఒక్క సెకనులో కుదిస్తే వచ్చే అంకెను ఎస్ఈఎల్ అంటారు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, ఎస్ఈఎల్ నుంచి 49.4 తీసేస్తే ఆ ఒక్క విమానం తెచ్చే డీఎన్ఎల్ వస్తుంది. ఎస్ఈఎల్ 95 అనుకుందాం: ఒక్క పగటి విమానం 45.6, అలాంటివి వంద వెళ్తే మరో 20 కలిసి 65.6. రాత్రిపూట పది వెళ్లినా అదే 65.6.

ఇప్పుడు అసలు తిరకాసు చూడండి. ఎయిర్‌లైన్లు కొత్త విమానాలు తెచ్చాయి, ఒక్కోటి 3 డెసిబెల్స్ తక్కువ మోత. అదే సమయంలో వాటి సంఖ్య వంద నుంచి రెండొందలైంది. డీఎన్ఎల్ కదలదు, అక్కడే 65.6. కానీ కింద ఉన్నవాళ్ల మాట రెండొందల సార్లు ఆగిపోతుంది. 3 డెసిబెల్స్ తేడాను చెవి పట్టీపట్టనట్టు పట్టుకుంటుంది, రెట్టింపు విమానాలను మాత్రం ఎవరూ గమనించకుండా ఉండరు. మ్యాపులో గీత లోపలికి జరుగుతుంటే ఫిర్యాదులు పెరగడంలో వింతేమీ లేదు.

65 అనే హద్దు వైద్యులు గీసింది కాదు, 1970లలోని సర్వేల ఆధారంగా పెట్టిన విధాన నిర్ణయం. ఆ పాత లెక్క ప్రకారం 65 దగ్గర తీవ్రంగా చిరాకుపడేవాళ్లు 12.3 శాతం. ఎఫ్ఏఏ తానే 20 విమానాశ్రయాల చుట్టూ పదివేల మందికి పైగా అడిగి 2021లో బయటపెట్టిన సర్వేలో అదే స్థాయి దగ్గర 60 శాతం దాటింది. హద్దు మాత్రం మారలేదు. అందుకే నగరం తరఫున ఎవరు మాట్లాడినా డీఎన్ఎల్‌తో ఆగకూడదు. 65 డెసిబెల్స్ దాటిన ఘటనలు రోజుకెన్ని, రాత్రి ఎన్ని, రెంటి మధ్య ఎంత విరామం ఉంది, ఇవి అడగాలి.

ఇంకొకటి: ఆ గీతను మైక్రోఫోన్లు గీయవు. రన్‌వేల వాడకం, విమాన రకాలు, దారులు ఇచ్చి కంప్యూటర్ నమూనాతో లెక్కిస్తారు. స్తంభాల మీది మానిటర్లు ఆ లెక్కను సరిచూసుకోవడానికి. కాబట్టి మ్యాపు తప్పు అనుకుంటే మైకు మీద కాదు, లెక్కలో పోసిన అంకెల మీద ప్రశ్న వేయాలి. రాత్రి విమానాల శాతం ఎంత తీసుకున్నారన్నది మొదటి ప్రశ్న.

అపోహ: ఇల్లు చూసిన రోజు ప్రశాంతంగా ఉంది, ఇక భయం లేదు.

ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. సీటాక్ మూడు రన్‌వేలూ ఉత్తర-దక్షిణాలుగా సమాంతరంగా ఉన్నాయి. పొడవులు 11,901, 9,426, 8,500 అడుగులు. చివరిది 2008 నవంబరులో తెరిచారు. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. ఏడాదిలో దాదాపు మూడింట రెండొంతుల కాలం దక్షిణం వైపు నడక, అంటే విమానాలు దక్షిణ దిశగా దిగి, లేచే తీరు: దిగేవి సియాటిల్ నగరం మీదుగా, బీకన్ హిల్ మీదుగా వస్తాయి, లేచేవి డిమోయిన్స్, ఫెడరల్ వే మీదుగా పోతాయి. మిగతా కాలం తిరగబడుతుంది. వానలు, తుపాను గాలులున్నప్పుడు దక్షిణపు నడక, ఎండకాసే పొడి రోజుల్లో ఉత్తరపు నడక ఎక్కువ. ఇళ్లు చూపించేది సాధారణంగా ఎండ కాసే శనివారాలు, కాబట్టి మీకు కనిపించేది ఏడాదిలో తక్కువ రోజులుండే నడక కావచ్చు. రెండు నడకల్లోనూ, ఒకసారి ఉదయం 6-8 మధ్య, ఒకసారి రాత్రి 10 దాటాక, పెరట్లో అరగంట నిలబడి చూడండి. కిటికీ ఒకటి తెరిచి కూడా వినండి.

అపోహ: ఈ మధ్య విమానాలు కిందికి దిగి పోతున్నాయి, విమానాల జాడ చూపే ఆప్‌లో ఎత్తు చూశాం.

వాస్తవం: దిగే దారి వాలు 3 డిగ్రీలు. నాటికల్ మైలుకు 318 అడుగులు. రన్‌వేకు 5 నాటికల్ మైళ్ల దూరంలో విమానం రన్‌వే కన్నా దాదాపు 1,600 అడుగుల ఎత్తున ఉంటుంది, అది ఈ ఏడాదైనా పదేళ్ల కిందటైనా అంతే. ఆప్ చూపే ఎత్తుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అది సముద్ర మట్టం నుంచి. మీ ఇల్లు 500 అడుగుల కొండ మీద ఉంటే ఆ 500 తీసేయాలి. రెండోది చాలామందికి తెలియదు: విమానం పంపే అంకె వాయుపీడనం 1013 హెక్టాపాస్కల్స్ అనుకుని లెక్కించింది. పీడనం ఒక్కో హెక్టాపాస్కల్ తేడాకు సుమారు 27 అడుగులు తప్పుతుంది. పీడనం 1030 ఉన్న నిర్మలమైన రోజున ఆప్ అసలు కన్నా 450 అడుగులకు పైగా తక్కువ చూపిస్తుంది. తుపాను రోజు 993 అయితే 540 అడుగులు ఎక్కువ. కొన్ని ఆప్‌లు దీన్ని సరిచేస్తాయి, కొన్ని చేయవు. రెండు రోజుల స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి “కిందికి దింపారు” అని ఉత్తరం రాస్తే, మొదటి జవాబులోనే అది కొట్టుకుపోతుంది.

ఎత్తు మారకపోయినా మారగలిగేది దారి. ఉపగ్రహ మార్గనిర్దేశం వచ్చాక ఒకప్పుడు వెడల్పుగా చెదిరిన విమానాలు రైలు పట్టా మీద నడిచినట్టు ఒకే గీత మీద వెళ్తున్నాయి. ఆ గీత కింద ఇల్లున్నవాళ్లకు మోత వాటాకు మించి వస్తుంది. ఫిర్యాదు ‘ఎత్తు’ గురించి కాక ‘ఒకే చోట గుమిగూడడం’ గురించి రాస్తే బలం.

అపోహ: ఫోన్‌లో 85 డెసిబెల్స్ చూపించింది, ఇది సాక్ష్యం.

కాదు. ఫోన్ మైకు మాట కోసం తయారైంది, పెద్ద మోతను తానే అణచుకుంటుంది. నగరం కొలిపిస్తే క్లాస్ 1 అనే కచ్చితమైన శబ్ద మీటరు, ముందూ వెనకా 94 డెసిబెల్స్ కాలిబ్రేటర్‌తో సరిచూడటం, గోడలకు మూడున్నర మీటర్ల దూరం, మైకుకు గాలి తొడుగు, గాలి సెకనుకు 5 మీటర్లు దాటిన గంటలు పక్కన పెట్టడం ఉంటాయి. రెండు నడకలూ పడేలా కనీసం రెండు వారాలు. ప్రతి ఘటనకూ రాడార్ దారితో జత కలపాలి, లేదంటే పక్కింటి లీఫ్ బ్లోయర్ కూడా బోయింగ్ అయిపోతుంది.

అపోహ: తల మీద పోయేదంతా సీటాక్‌దే.

సీటాక్‌కు ఉత్తరాన కొద్ది మైళ్లలోనే కింగ్ కౌంటీ నడిపే బోయింగ్ ఫీల్డ్ ఉంది. సరుకు విమానాలు, బిజినెస్ జెట్లు అక్కడివి. రెంటన్ విమానాశ్రయం రెంటన్ నగరానిది. ఎవరెట్‌లోని పెయిన్ ఫీల్డ్ స్నోహోమిష్ కౌంటీది, 2019 మార్చి నుంచి అక్కడ ప్రయాణికుల విమానాలు కూడా నడుస్తున్నాయి. లేక్ వాషింగ్టన్ మీద నీటి విమానాలు వేరే. బాతెల్, మిల్ క్రీక్ వైపు ఉండి సీటాక్ ఫోన్ లైనుకు ఫిర్యాదు చేస్తే సమయం వృథా. తేదీ, నిమిషంతో సహా సమయం, చిరునామా రాసుకుని, ముందు ఆ విమానం ఎక్కడ దిగిందో చూడండి.

అపోహ: రెండు పొరల అద్దం వేయిస్తే చాలు.

తెరిచిన కిటికీతో ఇల్లు సుమారు 15 డెసిబెల్స్ ఆపుతుంది, మూస్తే 25 దాకా. గోడ ఎంత మంచిదైనా దాని వైశాల్యంలో ఒక శాతం సందు ఉంటే 20 డెసిబెల్స్ దాటి ఆగదు. అందుకే ముందు చూడాల్సింది తలుపు కింది సందు, వంటింటి ఫ్యాను గొట్టం, అటక గాలి రంధ్రాలు, పొగగూడు. అద్దం మార్చాల్సి వస్తే రెండు పొరలూ ఒకే మందం వద్దు. ఒకటి పలచన, ఒకటి మందం, అందులో ఒకటి లామినేటెడ్ (నడుమ ప్లాస్టిక్ పొర అతికించినది), మధ్య ఖాళీ వీలైనంత ఎక్కువ. అమ్మేవాళ్లు శబ్దం ఆపే శక్తికి చెప్పే ఎస్‌టీసీ అంకె 125 హెర్ట్జ్ కింద ఏం జరుగుతుందో చూడదు, టేకాఫ్ గుడగుడ సగం అక్కడే ఉంటుంది. బయటి మోత కోసం ఉన్న ఓఐటీసీ అంకె అడగండి. కిటికీలన్నీ బిగించాక గాలి ఆడే ఏర్పాటు లేకపోతే ఎండాకాలం తిరిగి తెరిచేస్తారు, డబ్బు పోయినట్టే. చెట్లు నాటడం గురించి ఒక్క మాట: మోత పైనుంచి వస్తుంది, అవి ఆపలేవు.

పోర్ట్ డబ్బుతో ఇంటికి మోత ఆపే పని చేయించుకోవాలంటే సాధారణంగా ఇల్లు 65 గీత లోపల ఉండాలి, లోపలి సగటు 45 డెసిబెల్స్ లేదా అంతకు మించి రావాలి. 1998 అక్టోబరు 1 తర్వాత కట్టిన ఇళ్లకు ఫెడరల్ సొమ్ము సాధారణంగా రాదు. సంతకం చేసే ముందు చదవండి: ఇంటి మీదుగా విమానాలు వెళ్లే హక్కును రాసిచ్చే పత్రం చాలాచోట్ల ఇందులో భాగం, అది ఇంటితోపాటే తర్వాతి యజమానికి పోతుంది.

అపోహ: కొత్త ఎయిర్‌పోర్టు కడితే బేగంపేటలాగే పాతది మూసేస్తారు.

హైదరాబాద్‌లో 2008 మార్చిలో శంషాబాద్ తెరవగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి కాబట్టి మనవాళ్లకు ఈ ఊహ సహజం. ఇక్కడ కొత్తది సీటాక్‌కు బదులు కాదు, పొంగిపొర్లే రద్దీకి. సీటాక్‌లో 2024లో 5.26 కోట్ల మంది ప్రయాణించారు, స్థలం మాత్రం 2,500 ఎకరాలే. ప్రాంతీయ మండలి పీఎస్ఆర్‌సీ 2021 నాటి అధ్యయనం 2050కి డిమాండ్ దాదాపు రెట్టింపవుతుందని లెక్కేసింది. స్థలం వెతకమని రాష్ట్ర శాసనసభ 2019లో ఒక కమిషన్‌ను వేసింది. అయితే 20 లక్షలు దాటిన జనాభా ఉన్న కౌంటీని పరిశీలించవద్దని అదే చట్టంలో ఉంది, అంటే కింగ్ కౌంటీ మొదట్లోనే పక్కకు పోయింది. పియర్స్ కౌంటీలో రెండు, థర్‌స్టన్‌లో ఒకటి మిగిలాయి. అక్కడివాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. 2023లో శాసనసభ ఆ కమిషన్‌నే ఎత్తేసి ఇంకో బృందాన్ని పెట్టింది. స్థలం ఖరారు కాలేదు. ఈలోగా సీటాక్ తన మాస్టర్ ప్లాన్‌లో 31 పనులు, 19 గేట్లతో రెండో టెర్మినల్ ముందుకు తెచ్చింది. నగరం కళ్లు రెండు చోట్లా ఉండాలి. ప్రాంతీయ సమావేశాలకు మాత్రమే వెళ్లి పోర్ట్ పత్రాలు చదవని నగరం మోసపోతుంది.

అపోహ: ఐదొందల మంది ఒకే ఉత్తరం పంపితే ఐదొందల అభ్యంతరాలు.

ఇలాంటి విస్తరణ పనులపై వచ్చే పర్యావరణ సమీక్ష పత్రంలో అవన్నీ ఒక్క అంశంగా కట్టి ఒక్క జవాబిస్తారు. లెక్కలోకి వచ్చేవి ఇలా ఉంటాయి: ఫలానా పట్టికలో రాత్రి విమానాల శాతం ఇంత తీసుకున్నారు, ఇటీవలి ఏడాది రికార్డులో అంత ఉంది, తేడా ఎందుకు? ఫలానా పాఠశాల శబ్ద ప్రభావ జాబితాలో లేదు. విస్తరణ పనులు చేపట్టకపోయినా రద్దీ అంతే పెరుగుతుందని ఏ ఆధారంతో అన్నారు? చివరిది ముఖ్యం. ‘గేట్లు కట్టకపోయినా విమానాలు వస్తాయి’ అని ఊహిస్తే, కట్టడం వల్ల పెరిగే మోత కాగితం మీద దాదాపు సున్నా అవుతుంది.

గడువు దాటితే అన్నీ వృథా. ఎఫ్ఏఏ తుది ఉత్తర్వుపై అప్పీల్ కోర్టుకు 60 రోజుల్లో వెళ్లాలి. ఫీనిక్స్ నగరం ఆ గడువు దాటాక వెళ్లినా కోర్టు ఒప్పుకుని 2017లో అక్కడి కొత్త విమాన దారులను రద్దు చేసింది. మళ్లీ చూస్తామని ఎఫ్ఏఏ ఆశ పెడుతూ వచ్చింది కాబట్టి కోర్టు ఆలస్యాన్ని మన్నించింది. అది మినహాయింపు. ఎఫ్ఏఏ అధికారి మర్యాదగా “మాట్లాడుకుందాం” అన్నా, న్యాయవాది క్యాలెండర్‌లో 45వ రోజు దగ్గర ఎర్ర గుర్తు పెట్టి ఉంచాలి.