వడిసెల తాడు చెప్పిన సంగతి

కర్నూలు పక్క పల్లెల్లో జొన్నచేను పాలుపోసుకున్నాక మంచె ఎక్కి పిట్టలు తోలినవారికి ఒక భౌతికసూత్రం మణికట్టుకే తెలుసు: వడిసెల, అంటే రాయి పెట్టి తిప్పి విసిరే తాడు, అందులోని రాయి వేగం రెట్టింపైతే తాడు లాగుడు నాలుగింతలవుతుంది. 1971 భారత్-పాక్ యుద్ధంలో డిసెంబరు 14న శ్రీనగర్ మీద ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ చేసిన పోరాటాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఆ తాడు దగ్గరే మొదలుపెడతాను.

ఆ ఉదయం పాకిస్తాన్‌కు చెందిన ఆరు సేబర్ జెట్ విమానాలు వైమానిక స్థావరంపై దాడికి వచ్చాయి. బాంబులు పడుతుండగానే సెఖోన్ తన నాట్ అనే చిన్న యుద్ధవిమానాన్ని రన్‌వే మీద నుంచి లేపి, రెండు సేబర్ల వెంటపడ్డారు. నాట్ రెక్కల పొడవు కొస నుంచి కొసకు 7 మీటర్లలోపే. సేబర్‌ది 11 మీటర్ల పైచిలుకు.

ఒకరి తోక ఒకరు పట్టుకోవడానికి విమానాలు వడిసెల రాయిలా తిరిగే వలయంలో, లోపలున్న మనిషికి ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. గంటకు 720 కిలోమీటర్ల వేగంతో పోతూ భూమ్యాకర్షణకు 5 రెట్ల ఒత్తిడి పడేలా మలుపు తిప్పితే, వలయం వ్యాసార్థం సుమారు 830 మీటర్లు, ఒక చుట్టుకు పట్టే సమయం 26 సెకన్లు. అంతసేపూ 70 కిలోల మనిషి 350 కిలోలు తూగుతాడు. గుండెకు, మెదడుకు మధ్య సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తుంది. ఆ ఎత్తుకు రక్తాన్ని ఎక్కించడానికి మామూలుగా 23 మిల్లీమీటర్ల పాదరస పీడనం చాలు, 5 రెట్ల ఒత్తిడిలో అది 115 అవుతుంది. ఆరోగ్యవంతుని గుండె మామూలుగా ఇచ్చే రక్తపోటు సుమారు 120. అందుకే ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత చూపు అంచుల నుంచి చీకటి కమ్ముతుంది. పైలట్ కడుపు, కాళ్ల కండరాలను బిగబట్టి రక్తం కిందికి జారకుండా ఆపుకుంటూ, ఐదింతలు బరువెక్కిన తలను తిప్పి వెనక ఎవరున్నారో చూసుకోవాలి.

నాకు అన్నిటికన్నా కఠినంగా తోచేది మరొకటి. బిగువైన మలుపు గాలి నిరోధాన్ని పెంచి వేగాన్ని తినేస్తుంది. ఎత్తులో ఉన్న పైలట్ కిందికి దూకి ఆ వేగాన్ని తిరిగి సంపాదించుకుంటాడు. ఈ పోరు జరిగింది చెట్ల ఎత్తునని, ఆయనకిచ్చిన అత్యున్నత యుద్ధ శౌర్య పురస్కారం పరమవీరచక్ర ప్రశంసాపత్రం చెబుతోంది. అక్కడ దూకడానికి కింద చోటే లేదు. అయినా ఆయన వలయం విడవలేదు. ఒక సేబర్‌కు గుళ్లు తగిలాయని, మరొకదానికి నిప్పంటుకుందని ఆ పత్రంలో ఉంది. తక్కిన సేబర్లు సాయానికి వచ్చి చుట్టుముట్టాక నాట్ కూలిపోయింది. భారత వాయుసేనలో పరమవీరచక్ర అందుకున్నది ఆయనొక్కరే. దేహం దొరకలేదు.