నేర్పితే పోతాడనే భయం ఎక్కడ మొదలైంది?

"పని నేర్పేది నేను, జీతం పెంచి తీస్కపొయ్యేది పక్క హోటలోడు. నేనెందుకు నేర్పల్ల?" కర్నూలులో చిన్న హోటల్ ఓనర్లను స్టాఫ్ ట్రైనింగ్ గురించి కదిలిస్తే ఈ మాట ఏదో ఒక రూపంలో వస్తుంది. పిసినారితనం అనేసి ఊరుకోవచ్చు. కానీ దీని వెనుక చాలా ఏళ్ల కథ ఉంది.

ఒకప్పుడు ట్రైనింగ్ అన్న మాటే లేదు. కరువు పల్లె నుంచి పదేళ్ల పిల్లాడిని తెచ్చి హోటల్లో వదిలి పోయేవాళ్లు. తిండి, పడక అక్కడే. మొదట టేబుళ్లు తుడిచే క్లీనర్, కొన్నాళ్లకు సప్లయర్, ఆ తర్వాత మాస్టర్ పక్కన చేతిసాయం. ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పెనం మీద నీళ్లు చల్లితే చుయ్‌మనే చప్పుడును బట్టి దోశ ఎప్పుడు పోయాలో వాడే పట్టుకోవాలి. తప్పితే వీపు మోగేది. ఎనిమిది పదేళ్లకు వాడే మాస్టర్ అయ్యేవాడు. ఓనర్‌కు పైసా ఖర్చు లేదు. పోయిందల్లా పిల్లాడి బడి.

బాలకార్మికుల చట్టం 1986లో వచ్చినా, హోటళ్లు, ధాబాలు, టీకొట్లు నిషేధిత జాబితాలో చేరింది 2006 అక్టోబర్ 10న. 2016 సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో దాన్ని ఇంకా బిగించింది. ఆగాల్సిందే ఆగింది. అయితే ఆ పని పద్దెనిమిదేళ్లవాడికి ఎవరు, ఎన్ని రోజుల్లో నేర్పాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో 'హునర్ సే రోజ్‌గార్ తక్' అనే హోటల్ పని శిక్షణ పథకం తెచ్చింది. వంటకు ఎనిమిది వారాలు, సర్వీసుకు ఆరు వారాలు, ఫీజు లేదు. మంచి పథకమే. కానీ నేర్చుకున్నవాడు ఏసీ రెస్టారెంట్ కలగంటాడు గానీ ఆరుగురితో నడిచే టిఫిన్ సెంటర్‌కు ఎందుకొస్తాడు? పైగా కర్నూలు ఉన్నది 44వ నంబర్ జాతీయ రహదారి మీద. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు, ఇటు హైదరాబాద్ ఇంకా దగ్గర.

ఇంకో వింత చూడండి. ఇదే జిల్లాలో కోసిగి, ఆదోని వైపు జనం సుగ్గికని, అంటే కూలి కోసం వలసగా, గుంటూరు మిరప చేలకు పోతుంటారు. ఇక్కడ హోటళ్లలో పనికేమో ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు వస్తారు. ఒడిశా కుర్రాడికి బొరుగులు (మరమరాలు) కొత్త కాదు, వాళ్ల ఊళ్లో ముఢి అంటారు. వాటితో ఇక్కడ చేసే టిఫిన్, ఉగ్గాని, అదే కొత్త. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే తీసి పిండాలి. కాస్త ఆలస్యమైతే ముద్దవుతాయి, గట్టిగా పిండితే పిప్పి. భాష రాని వాడికి ఇది మాటల్లో చెప్పలేరు. చెయ్యి పట్టుకుని చూపించాలి. పొద్దున ఏడింటికి, పార్సిళ్ల కోసం జనం మీద పడుతున్నప్పుడు అంత ఓపిక ఎవరికుంటుంది? 2020 లాక్‌డౌన్‌లో ఊరెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. నేర్పిన కాస్తా వాళ్లతోనే పోయింది.

ఆహార భద్రత సంస్థ 2017లో ఫోస్టాక్ పేరుతో ఆహార శుభ్రత శిక్షణ మొదలుపెట్టింది. లైసెన్సున్న చోట ప్రతి 25 మంది పనివాళ్లకు శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరుండాలి. చిన్న హోటల్లో ఆ ఒక్కరు ఓనరో, ఆయన కొడుకో. సర్టిఫికెట్ గల్లా వెనుక గోడకెక్కుతుంది. గ్లాసులు కడిగే కుర్రాడిదాకా ఆ పాఠం చేరడం నేను పెద్దగా చూడలేదు.

మరి ఓనర్లు ఏం చేస్తున్నారు? కొందరు అడ్వాన్స్ ఇచ్చి కట్టేసుకుంటారు. ఆ అడ్వాన్స్ ఎగ్గొట్టి పోయేవాళ్లూ ఉంటారు. తెలివైనవాళ్లు రుచినే మాస్టర్ చేతిలోంచి తప్పించారు. ఎర్రకారం, పుట్నాల పొడి ఇంట్లో భార్యే చేసి డబ్బాల్లో పంపుతుంది. మాస్టర్‌కు తెలిసింది ఎన్ని గరిటెలు వేయాలో అంతే. వాడు చెప్పాపెట్టకుండా మానేసిన రోజు, ఓనర్ భుజాన తువ్వాలు వేసుకుని తానే పెనం ముందు నిలబడతాడు. నీళ్లు చల్లి, చెవి అటు పడేస్తాడు.