గ్రూపులో చెరిపేసిన మెసేజ్: తీసేయాలా, ఖాళీ ఉంచాలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఏ ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చింది, ఎవరి కొబ్బరిచెట్లు ఎన్ని కూలాయి అన్న కబుర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఉద్దానం పల్లెల అలాంటి చర్చను ఇప్పుడు ఎవరైనా ఫైలుగా దాచబోతే ముందు తగిలేవి ‘ఈ సందేశం తొలగించబడింది’ అన్న వరుసలే. వాటిని పీకేయాలా, అలాగే ఉంచాలా?

ఈ తగువు వాట్సాప్ కంటే చాలా పాతది. 1980ల నాటి యూజ్‌నెట్‌లోనే, అంటే సర్వర్ల మధ్య పాకే బహిరంగ చర్చావేదికలోనే, ‘కాన్సిల్’ ఉండేది. అదీ ఒక మెసేజే. సర్వర్ నుంచి సర్వర్‌కు పాకుతూ, ఫలానాది చెరిపేయమని చెప్పేది. పంపింది అసలు రాసినవారేనా అని గట్టిగా సరిచూసే ఏర్పాటు లేదు. దాంతో గిట్టనివాళ్ల రాతల్ని దొంగపేరుతో చెరిపేయడం మొదలైంది. విసిగిపోయి చాలా సర్వర్లు కాన్సిల్‌ను పట్టించుకోవడమే మానేశాయి. 1995లో డెజా న్యూస్ అనే వెబ్‌సైటు వచ్చి ఆ చర్చల్ని వెతుక్కునేలా నిలవ చేసింది. నాలుగు రోజుల్లో పోతాయిలే అనుకుని రాసినవన్నీ అలా మిగిలాయి. మెసేజ్ తలకట్టులో (పంపినవారు, తేదీ లాంటి వివరాలుండే పైభాగంలో) ‘ఎక్స్-నో-ఆర్కైవ్: యస్’ అని పెడితే అది నిలవలోకి ఎక్కేది కాదు. కానీ జవాబిచ్చిన మనిషి ఆ మాటల్నే ఎత్తి రాస్తే? అవి ఆ జవాబులో భద్రంగా ఉండిపోయేవి. 2001లో గూగుల్ ఆ నిలవను కొన్నప్పుడు ఇవీ వెంట వచ్చాయి.

ఈమెయిల్‌తో నడిచే గ్రూపులు, అంటే మెయిలింగ్ లిస్టుల బాధ ఇంకోరకం. ఆ లిస్టుల్ని నడిపే మెయిల్‌మ్యాన్ 2 సాఫ్ట్‌వేర్‌లో పాత మెసేజ్‌ల నిలవను (ఆర్కైవ్‌ను) కట్టే పైపర్‌మెయిల్ ఒక్కో మెసేజ్‌కు వరుస సంఖ్యతో లింకు ఇస్తుంది. మెసేజ్‌లన్నీ వరుసగా ఉండే ఎంబాక్స్ ఫైలులోంచి ఒకదాన్ని కోసేసి ఆర్కైవ్‌ను మళ్లీ కట్టిస్తే, తర్వాతివన్నీ ఒక్కో అంకె వెనక్కి జరుగుతాయి. పాత లింకు నొక్కితే ఎవరిదో వేరే మెసేజ్ తెరుచుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు తలకట్టు ఉంచి, లోపలి రాత మాత్రం తీసి ‘తొలగించాం’ అని పెడతారు. మా లెక్కన సరైన పద్ధతి ఇదే.

వాట్సాప్‌లో ‘అందరికీ డిలీట్’ 2017లో వచ్చినప్పుడు గడువు 7 నిమిషాలు. 2018లో అది గంటా 8 నిమిషాల 16 సెకన్లయింది. 2022 నుంచి రెండున్నర రోజులు. అయితే చెరిపే ఆదేశం కూడా నెట్ మీదే రావాలి. ఛార్జింగ్ లేక ఆగిపోయిన ఫోనుకు మరీ ఆలస్యంగా అందితే అది పనిచేయకపోవచ్చు. కాబట్టి ఒకే గ్రూపులో విజయనగరం బంధువు ఫోనులో ఖాళీ వరుస, పలాస ఫోనులో పూర్తి మాట కనిపించినా ఆశ్చర్యం లేదు.

రెండు ఫోన్ల ఫైళ్లు కలిపేటప్పుడు ఒకదాని ఖాళీని రెండోదానితో నింపకూడదు. తేదీ, సమయం ఉంచి ‘తొలగించారు’ అని రాయాలి. ఆ మాటల్ని కాపీ చేసి తిరిగి పెట్టినవాళ్లుంటారు, కింది మెసేజ్‌లూ చూడాలి. ఫోన్ నంబర్లు, రేషన్ కార్డు నంబర్లు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. ఇంకోటి: వాట్సాప్ చర్చను ఫైలుగా దించే ఎక్స్‌పోర్ట్‌లో మీడియా లేకుండా 40,000, మీడియాతో 10,000 ఇటీవలి మెసేజ్‌లే వస్తాయి. సందడి ఉన్న గ్రూపైతే 2018వి అసలు రాకపోవచ్చు.

డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీల్లోనూ ఇదే కోత పెట్టాలి. లేదంటే ఎవరో పాత కాపీ ఎక్కించిన రోజున తీసేసినవన్నీ తిరిగొస్తాయి.