లైకా కిటికీ: పాత కెమెరా ఎంతవరకు మారాలి?

2025 అక్టోబరులో జర్మనీకి చెందిన లైకా కంపెనీ 'ఎం ఈవీ1' అనే కెమెరాను విడుదల చేసింది. చూడ్డానికి ఆ కంపెనీ ఏళ్ల తరబడి చేస్తున్న 'ఎం' వరుస కెమెరాలాగే ఉంటుంది. కన్ను పెట్టి చూసే చోట మాత్రం గాజు కిటికీకి బదులు బుల్లి ఎలక్ట్రానిక్ తెర పెట్టారు. ఆ ఒక్క మార్పుతో పాత చర్చ మళ్లీ మొదలైంది. కిటికీ తీసేశాక ఇది ఎం కెమెరా ఎలా అవుతుందని కొందరి బాధ. చూపు తగ్గిన మాలాంటి వాళ్లకు ఇన్నాళ్లకు ఫోకస్ స్పష్టంగా కనిపిస్తోందని మరికొందరి సంతోషం.

ఈ బాధ అర్థం కావాలంటే ఆ కిటికీలోంచి ఒకసారి చూడాలి. మధ్యలో వెలుతురుగా చిన్న చదరం ఉంటుంది. అందులో ఎదుటి మనిషి ముఖం రెండు బొమ్మలుగా పక్కపక్కన కనిపిస్తుంది. లెన్స్ రింగును వేలితో మెల్లగా తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికి జరుగుతాయి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోగానే ఫోకస్ కుదిరినట్టు. దీన్నే రేంజ్‌ఫైండర్ అంటారు. ఫొటోలో పడే మేర చుట్టూ సన్నని తెల్ల గీతలుంటాయి. ఆ గీతల బయట ఏం జరుగుతోందో, ఎవరు నడిచి వస్తున్నారో కూడా కనిపిస్తుంది. లోపల అద్దం లేచి పడే పని లేదు కాబట్టి నొక్కిన క్షణంలో కంటికి చీకటి పడదు, పెద్ద చప్పుడూ ఉండదు. 1948 జనవరి 30న గాంధీజీని ఆయన హత్యకు కొద్దిసేపటి ముందు కలిసి, ఆ తర్వాత అంత్యక్రియలను ఫొటోలు తీసిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ జీవితమంతా నమ్ముకున్నది లైకానే.

మార్పు వద్దని వాదించే వాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లైకా పుట్టిందే పాత పద్ధతిని కాదని. వెట్స్‌లార్ పట్టణంలో మైక్రోస్కోపులు చేసే లైట్స్ కంపెనీలో ఆస్కార్ బర్నాక్ పనిచేసేవాడు. ఆయనకు ఆస్తమా. బరువైన కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ కొండలెక్కలేకపోయేవాడు. సినిమాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డంగా తిప్పి, 24×36 మిల్లీమీటర్ల బొమ్మ పడేలా జేబులో పట్టే కెమెరా నమూనా చేశాడు. అది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మాట. యుద్ధం తర్వాత చేతిలో డబ్బులు ఆడని రోజుల్లో, కంపెనీలోనే చాలామంది వద్దంటున్నా యజమాని రెండో ఎర్న్‌స్ట్ లైట్స్ 1924లో సరే అన్నాడు. మరుసటి ఏడాది లైప్‌జిగ్ సంతలో ఆ కెమెరా లైకా పేరుతో జనం ముందుకొచ్చింది.

1954లో వచ్చిన ఎం3 ఆ పద్ధతికి శిఖరం. దాని రేంజ్‌ఫైండర్‌ను మించడం కష్టమని జపాన్ కంపెనీలు వేరే దారి పట్టాయి. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. లెన్స్ చూసిందే కంటికీ చూపించే ఎస్సెల్లార్ అది. దూరం నుంచి క్రికెటర్ ముఖాన్నో పిట్ట రెక్కనో పట్టాలంటే అదే నయం. పత్రికల ఫొటోగ్రాఫర్లు అటు వెళ్లిపోయారు. లైకా సొంత ఎస్సెల్లార్ 1960ల మధ్యలో గానీ రాలేదు.

ఆలస్యమైందని తొందరపడి 1971లో ఎం5 తెచ్చారు. లెన్స్ వెనక్కి చిన్న చెయ్యి చాచి వెలుతురు కొలిచే మీటరు అందులో కొత్త. సాంకేతికంగా మంచి కెమెరా. కానీ ఒళ్లు పెరిగింది, అరచేతిలో ఒదిగే ఆకారం పోయింది. జనం కొనలేదు. 1975 నాటికి ఎం కెమెరాల తయారీయే ఆగిపోయింది. కెనడాలో మిడ్‌లాండ్ దగ్గరున్న కంపెనీ ఫ్యాక్టరీ వాళ్లు పట్టుబట్టి, పాత ఎం4నే కాస్త సులువు చేసి, 1977లో ఎం4-2గా తేకపోతే ఈ కథ అక్కడితో అయిపోయేది. మీటరును పాత ఆకారంలోనే ఇమిడ్చిన ఎం6 1984లో వచ్చి నిలబడింది. ఎం5 మీద వచ్చిన విసుగు మీటరు మీద కాదని నేననుకునేది అందుకే.

మారితే చాలు, బతికిపోతాం అనే మాటకు మనకు బాగా తెలిసిన కంపెనీయే జవాబు. మన ఊళ్ల స్టూడియోల్లో ఒకప్పుడు యాషికా ఉండేది. రెండు లెన్సులు ఒకదాని మీద ఒకటి, మూత తెరిచి తల వంచి చూస్తే కుడి ఎడమలు తారుమారైన బొమ్మ, రీలుకు పన్నెండు ఫొటోలు. ఎన్నో ఇళ్లలో గోడలకు వేలాడే పెళ్లి ఫొటోలు అలా తీసినవే. ఆ యాషికా మారలేదని ఎవరూ అనలేరు. 1966లోనే షట్టర్‌ను ఎలక్ట్రానిక్స్‌తో నడిపే ఎలక్ట్రో 35 తెచ్చింది. 1983లో క్యోసెరా అనే మరో జపాన్ కంపెనీలో కలిసింది. అదే క్యోసెరా 2002లో కాంటాక్స్ పేరుతో మొదటి ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ ఎస్సెల్లార్, అంటే ఫిల్ముకు బదులు వెలుతురు పట్టే సెన్సర్ 24×36 బొమ్మంత ఉన్నది, అమ్మకానికి పెట్టింది. మూడేళ్లకే, 2005లో, కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఆ 2005లోనే లైకా కూడా మునగబోయింది. డిజిటల్ ఎం లేదు, బ్యాంకులు అప్పు పరిమితి తగ్గించాయి. ఆస్ట్రియాకు చెందిన ఆండ్రియాస్ కౌఫ్‌మన్ పెట్టుబడి పెట్టి ఆదుకున్నాడు. 2006లో మొదటి డిజిటల్ ఎం, ఎం8, వచ్చింది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఎం లెన్సు కెమెరా లోపలికి బాగా చొచ్చుకొచ్చి ఉంటుంది. అంచుల్లో వెలుతురు సెన్సర్ మీద బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకు అది పట్టదు, సెన్సర్‌కు పడుతుంది. అందుకని కోడాక్ చేసిన సెన్సర్‌లో అంచుల దగ్గరి సూక్ష్మ లెన్సులను పక్కకు జరిపారు, పైన ఫిల్టర్ పొరను పలచగా ఉంచారు. ఆ పలుచన వల్ల కంటికి కనిపించని పరారుణ కిరణాలు లోపలికొచ్చి, నల్ల సింథటిక్ బట్టలు ఫొటోలో వంగపండు రంగుకు తిరిగాయి. కొన్నవాళ్లకు కంపెనీ ఫిల్టర్లు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. 2009లో ఫుల్‌ఫ్రేమ్ ఎం9 వచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. ఇంత కష్టపడి సెన్సర్‌ను పాత లెన్సుకు తగ్గట్టు మలిచారే తప్ప, కిటికీనీ రింగునూ ముట్టుకోలేదు. బతికించింది అదేనని నా నమ్మకం.

స్వీడన్‌లో హాసెల్‌బ్లాడ్ కూడా ఇలాంటి పనే చేసింది. చంద్రుడి మీదికి తన కెమెరాలు పంపిన ఆ కంపెనీ, తన పాత 'వీ' వరుస కెమెరాకు వెనకున్న ఫిల్ము డబ్బా తీసి, ఆ చోట తగిలించుకునే సెన్సర్ డబ్బా (డిజిటల్ బ్యాక్) చేసింది. తాతల నాటి కెమెరా పారేయక్కర్లేదు.

అందుకే ఎం ఈవీ1 రావడం నాకు తప్పనిపించదు, గాజు కిటికీ ఉన్నవి పక్కనే ఉన్నంతకాలం. నిజానికి 1959లో వచ్చిన ఎం1లోనూ రేంజ్‌ఫైండర్ లేదు. నా దిగులంతా ధర గురించి. 2022లో డిజిటల్ ఎం11 అమెరికాలో దాదాపు 9 వేల డాలర్లకు వచ్చింది. రోడ్డు మీద మనుషుల్ని తీయాలని ఆశపడే కుర్రాడికి అది అందదు. పాత మెకానికల్ కెమెరా సంపాదించినా, షట్టర్ విప్పి బాగుచేసే మెకానిక్ దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. అదే 2022లో లైకా ఫిల్ము ఎం6ను తిరిగి తయారు చేయడం మొదలుపెట్టింది. అసలు బ్యాటరీయే అక్కర్లేని ఎం-ఏ 2014లోనే వచ్చింది. వాటిలో రీలు ఎక్కించాలంటే ఇప్పటికీ అడుగు పలక ఊడదీసి చేతిలో పట్టుకోవాల్సిందే, 1925లో లాగే.