పళ్లకూ కాస్త తీరిక కావాలి

తీపి తింటే పళ్లు పుచ్చిపోతాయని పిల్లలను బెదిరించడం పెద్దలకు అలవాటే. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, అసలు సంగతి అందులో పూర్తిగా లేదు. చక్కెర తనంతట తాను పంటిని ఏమీ చేయదు. పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా ఆ చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పంటిని కరిగించేది ఆ ఆమ్లమే. అందుకే ఎన్ని చెంచాల చక్కెర తిన్నామన్న లెక్క కంటే, ఆ ఆమ్లం రోజులో ఎంతసేపు పంటిని అంటిపెట్టుకుని ఉందన్న లెక్క ముఖ్యం.

పంటిలో పురుగు దూరి తొలిచేస్తుందని మనుషులు వేల ఏళ్లు నమ్మారు. పిప్పి పన్ను నొప్పి ఒక్కసారి పడ్డవాళ్లు ఆ నమ్మకాన్ని వెక్కిరించరు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 19వ శతాబ్దం చివర్లో, అది పురుగు పని కాదు, సూక్ష్మజీవుల పని అని తేల్చాడు. ఊడిన పళ్లను లాలాజలం, రొట్టె కలిపిన మిశ్రమంలో వెచ్చగా ఉంచితే అవి మెత్తబడ్డాయి. అదే మిశ్రమాన్ని ముందుగా మరిగిస్తే పళ్లకు ఏమీ కాలేదు. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మజీవులే కదా. 1890లో ఆయన ఇదంతా పుస్తకంగా అచ్చువేశాడు. ఆ పని చేసేవాటిలో ముఖ్యమైన బ్యాక్టీరియాను, అంటే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను, 1924లో కిలియన్ క్లార్క్ గుర్తించాడు.

పంటి పైపొర ఎనామిల్. ఒంట్లో దానికంటే గట్టిది ఇంకేదీ లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫేట్. అంత గట్టిదానికీ ఒక బలహీనత ఉంది. నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కంటే కిందికి దిగితే ఆ ఖనిజం కరగడం మొదలవుతుంది. పీహెచ్ ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని గుర్తుంచుకుంటే చాలు. పైగా ఎనామిల్‌లో జీవకణాలు ఉండవు. చర్మం తెగితే మళ్లీ అతుక్కుంటుంది, ఎముక విరిగినా కలుస్తుంది. ఎనామిల్‌కు ఆ వీలు లేదు.

మరి తీపి తిన్న ప్రతివాళ్ల పళ్లూ ఎందుకు పుచ్చిపోవు? దీనికి జవాబు 1940ల్లో అమెరికాలో రాబర్ట్ స్టీఫెన్ చేసిన ప్రయోగాల్లో ఉంది. మనుషుల చేత గ్లూకోజ్ నీళ్లు పుక్కిలింపజేసి, పాచిలో పీహెచ్ ఎలా మారుతోందో ఆయన కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే అది సర్రున ప్రమాదపు గీత కిందికి దిగిపోయింది. తర్వాత మెల్లగా పైకి లేచి, అరగంట నుంచి గంటలోపు మామూలు స్థాయికి చేరింది. పీహెచ్ ఇలా దిగి లేచే వంపు గీతను దంతవైద్య విద్యార్థులు ఈనాటికీ స్టీఫెన్ కర్వ్ పేరుతో చదువుకుంటారు.

పీహెచ్‌ను తిరిగి పైకి లేపేది లాలాజలం. రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. అందులోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది, కాల్షియం, ఫాస్ఫేట్ పంటిలోకి తిరిగి చేరతాయి. అంటే పంటి మీద రోజంతా జమాఖర్చు నడుస్తూనే ఉంటుంది. తిన్నప్పుడు ఖర్చు, ఊరుకున్నప్పుడు జమ. పంటి మీద తెల్లటి మచ్చ కనబడే దశలో ఖాతాను ఇంకా సరిచేయవచ్చు. గుంట పడితే మాత్రం డాక్టరు కుర్చీ ఎక్కాల్సిందే.

ఎన్నిసార్లు తింటున్నామన్నది ఎంత ముఖ్యమో మనుషుల మీద చూపించిన పరిశోధన ఒకటుంది. దాని గురించి రాసేటప్పుడు ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. స్వీడన్‌లోని లుండ్‌లో విపెహోమ్ అనే ఆస్పత్రి ఉండేది. మానసిక ఎదుగుదల లేనివాళ్లను అక్కడ ఉంచేవారు. 1945లో మొదలైన అధ్యయనంలో భాగంగా కొందరికి భోజనంతో పాటు తీపి ఇచ్చారు. ఇంకొందరికి పళ్లకు బంకలా అంటుకునే టాఫీలు, రోజుకు 24 దాకా, ఇచ్చారు. వాళ్ల సమ్మతి ఎవరూ అడగలేదు. ఎంతోమంది పళ్లు పాడైపోయాయి. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ అలాంటి పనికి అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

1954లో వెలువడిన ఫలితం మాత్రం స్పష్టంగా ఉంది. భోజనంతో పాటు తిన్న చక్కెర వల్ల పుచ్చులు కొద్దిగానే పెరిగాయి. భోజనాల మధ్య తిన్న అంటుకునే తీపి వల్ల విపరీతంగా పెరిగాయి. టాఫీలు ఆపేశాక కొత్త పుచ్చులు తగ్గాయి. పిల్లలకు మిఠాయిలు శనివారం మాత్రమే ఇచ్చే అలవాటు స్వీడన్‌లో స్థిరపడటానికి ఈ అధ్యయనం ఒక కారణం.

పది బిస్కెట్లు భోజనమైన వెంటనే తినేస్తే పంటికి ఒక ఆమ్లపు గంట. అవే పది, గంటకొకటి చొప్పున నములుతూ పోతే రోజంతా అదే గంట. మనలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ముఖ్యంగా పానీయాలతో. కంప్యూటర్ ముందు కూర్చుని తీపి కాఫీని గుక్కగుక్కగా రెండు గంటలు తాగేవాళ్లు, తీపి తక్కువే వేసుకున్నామని ధైర్యంగా ఉంటారు. చెంచాడు చక్కెర అయినా బ్యాక్టీరియాకు చాలు. ఎన్నిసార్లు బ్రష్ చేస్తారని అడిగే డాక్టర్లు, ఎన్నిసార్లు నోట్లో ఏదో ఒకటి వేసుకుంటారని కూడా అడిగితే బాగుంటుందని నా అభిప్రాయం.

పరిమాణం లెక్కలోకి రాదని కాదు. కలిపిన చక్కెరలు, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర అన్నీ కలిసి రోజువారీ శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2,000 కేలరీల మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే సుమారు 35 గ్రాములు ఉంటుంది. తీపిగా లేనివన్నీ మంచివనుకోవడమూ పొరపాటే. చిప్స్ లాంటివి పంటి గుంటల్లో ఇరుక్కుని, లాలాజలంలోని ఎంజైముల వల్ల అక్కడే చక్కెరగా మారుతుంటాయి.

బ్యాక్టీరియాతో పని లేకుండానే పంటిని కరిగించేవి పులుపు పానీయాలు. కోలా పీహెచ్ సుమారు 2.5, నిమ్మరసానిది 2కు కాస్త పైన. చక్కెర లేని డైట్ కోలా పుచ్చు తేకపోవచ్చు గానీ, ఎనామిల్‌ను పలచన చేస్తుంది. చల్లటిది తగిలితే జివ్వుమనడం అలాగే మొదలవుతుంది. ఇలాంటివి తాగాలనిపిస్తే నోట్లో పుక్కిట పట్టకుండా ఒకేసారి తాగేసి, నీళ్లతో పుక్కిలించడం మేలు. వెంటనే బ్రష్ పట్టుకుంటే మెత్తబడిన పైపొరే అరిగిపోతుంది. అందుకే అరగంట ఆగమంటారు.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పడుకునే ముందు తిన్న తీపి, పసిపిల్ల నోట్లో రాత్రంతా ఉన్న తీపి పాల సీసా అందుకే అంత చేటు. ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, ఇక నీళ్లు తప్ప ఏమీ తాగకపోవడమే రాత్రికి సరైన కాపలా.

వయసు మళ్లినవాళ్ల సంగతి కొంచెం వేరు. చిగుళ్లు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. దానికి ఎనామిల్ కవచం లేదు, 6కు పైన పీహెచ్‌లోనే కరగడం మొదలవుతుంది. బీపీకి, డిప్రెషన్‌కు, అలర్జీకి వాడే చాలా మందులు నోటిని ఎండబెడతాయి. ఆ ఎండిన నోటిని తడుపుకోవడానికి రోజంతా చప్పరించే తీపి బిళ్లలు ఉన్న పళ్లను కూడా తినేస్తాయి. వాటికి బదులు నీళ్లు గుక్కగుక్కగా తాగవచ్చు, చక్కెర లేని గమ్ నమలవచ్చు. మందు మార్చే వీలుందేమో రాసిన డాక్టరునే అడగవచ్చు.