ఏ ఆంటోనినస్? బొరుసు తిప్పి చూడాల్సిందే

రోమన్ ప్రాంతీయ నాణేలు సేకరించేవాళ్లకు "కరకల్లా లేదా ఎలగబాలస్" అనే మాట, అంటే ఇద్దరు రోమన్ చక్రవర్తుల్లో ఎవరో తేలలేదన్న మాట, కొత్త కాదు. మ్యూజియం చీటీల మీద, వేలం కేటలాగుల్లో తరచూ కనిపిస్తుంది. ఒకే రకం నాణెం ఒక చోట ఒకరి పేరుతో, ఇంకో చోట మరొకరి పేరుతో అమ్ముడుపోవడమూ మామూలే. నాణెం అరిగిపోయిందనో, అక్షరాలు కనపడటం లేదనో ఈ తంటా వచ్చిందనుకుంటే పొరపాటు. నిన్న కొట్టినట్టు మెరిసిపోతున్న నాణెం మీద ప్రతి అక్షరం స్పష్టంగా ఉన్నా, ఆ తల ఎవరిదో తేలకపోవచ్చు.

ముందు ప్రాంతీయ నాణేలంటే ఏమిటో చూద్దాం. ఇవి రోమ్ టంకశాలలో తయారైనవి కావు. ఇప్పటి టర్కీ, సిరియా, గ్రీస్, బల్గేరియా ప్రాంతాల్లోని నగరాలు స్థానిక అవసరాల కోసం ఎవరికి వారు కొట్టుకున్నవి. ఎక్కువ భాగం కంచువి, రాత ఎక్కువగా గ్రీకులో. బొమ్మ వైపు చక్రవర్తి తల, బొరుసు వైపు ఆ ఊరి దేవుడో గుడో ఉంటుంది. క్రీ.పూ. 44 తర్వాతి నుంచి క్రీ.శ. మూడో శతాబ్దం చివర చక్రవర్తి డయోక్లీషియన్ నాణేల వ్యవస్థను మార్చేదాకా ఈ పద్ధతి నడిచింది.

ఇక చిక్కు ఎక్కడ మొదలైందంటే, 195లో. అంతర్యుద్ధంలో గెలుస్తూ వస్తున్న చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్‌కు వంశ గౌరవం కావాల్సి వచ్చింది. ఆయన ఉత్తర ఆఫ్రికాలోని లెప్టిస్ మాగ్నా మనిషి, పాత రాజకుటుంబంతో రక్త సంబంధం లేదు. దాంతో తాను పాత చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ కొడుకునని ప్రకటించేసుకున్నాడు. ఆ మార్కస్ ఆరేలియస్ పోయి అప్పటికే పదిహేనేళ్లు, అంటే దత్తత తీసుకునే తండ్రి బతికి ఉండాలన్న పట్టింపు కూడా పెట్టుకోలేదన్నమాట! బాసియానస్ అనే తన పెద్దకొడుక్కి మార్కస్ ఆరేలియస్ ఆంటోనినస్ అని పేరు మార్చాడు. మనం కరకల్లా అని పిలిచేది ఇతన్నే. అది అతను వేసుకునే గాల్ దేశపు పొడుగు అంగీని బట్టి వచ్చిన ఎగతాళి పేరు, నాణేల మీద ఎక్కడా ఉండదు.

217 ఏప్రిల్‌లో కరకల్లా హత్య జరిగింది, మాక్రినస్ గద్దెనెక్కాడు. ఏడాది తిరగకముందే మాక్రినస్ కూడా చిన్న వయసులో ఉన్న తన కొడుకు డయాడుమేనియన్‌కు ఆంటోనినస్ అనే పేరు తగిలించాడు, సైనికులకు ఆ పేరంటే అంత మోజు. 218లో సిరియాలోని ఎమెసా నుంచి కరకల్లా తల్లి తోబుట్టువు జూలియా మేసా రంగంలోకి దిగింది. పద్నాలుగేళ్ల తన మనవడు నిజానికి కరకల్లాకు పుట్టినవాడేనని సైన్యంలో ప్రచారం చేయించి నెగ్గింది. ఆ కుర్రాడూ మార్కస్ ఆరేలియస్ ఆంటోనినసే అయ్యాడు. ఎలగబాలస్ అన్నది అతను కొలిచిన దేవుడి పేరు, అతనికి తర్వాత అంటుకుంది.

కాబట్టి గ్రీకులో ఆటోక్రాటోర్, కైసర్ అనే బిరుదుల పొడి అక్షరాలు, ఆ తర్వాత మార్కస్, ఆరేలియస్, ఆంటోనినస్ వస్తే అది ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. అసలు మార్కస్ ఆరేలియస్ కూడా ఇదే పేరువాడు గానీ, ఉంగరాల జుట్టు, నిండు గడ్డం ఉండటంతో చాలాసార్లు తేలిగ్గానే పట్టుబడతాడు. మన శాతవాహన నాణేల్లో శాతకర్ణి అన్న ఒక్క ముక్కతో రాజెవరో చెప్పలేం, గౌతమీపుత్ర అనో వాసిష్ఠీపుత్ర అనో తల్లి పేరు కలిస్తే దారి దొరుకుతుంది. వీళ్లకు ఆ సదుపాయం కూడా లేదు.

మరి ముఖం చూసి చెప్పలేమా అంటే, చాలామంది అదే చేస్తారు, అక్కడే బోల్తా పడతారు. కరకల్లా అనగానే అందరికీ గుర్తొచ్చేది ముడిపడ్డ కనుబొమలు, పొట్టి గడ్డం, కోపిష్టి చూపు. అది అతని చివరి ఏళ్ల రూపం. అతను దాదాపు ఎనిమిదేళ్ల వయసు నుంచే నాణేలకెక్కాడు, యువకుడిగా చెంపల మీద లేత గడ్డంతో ఉన్న బొమ్మలు ఎలగబాలస్ బొమ్మలకు అచ్చం కవలల్లా ఉంటాయి. పైగా చెక్కేవాడు చక్రవర్తిని కళ్లతో చూసినవాడు కాదు. 1972లో వెలువడిన కోన్రాడ్ క్రాఫ్ట్ పరిశోధన చూపించినదేమిటంటే, ఆసియా మైనర్‌లో, అంటే ఇప్పటి టర్కీలో, ఒకే అచ్చుతో వేర్వేరు నగరాలకు నాణేలు కొట్టారు, అంటే ఒక కార్ఖానా పలు ఊళ్లకు పనిచేసేది. ఆ కార్ఖానా అలవాటే ముఖం తీరును నిర్ణయించేది.

నా మటుకు నేను బొమ్మను పక్కన పెట్టి ముందు బొరుసే చూస్తాను. బల్గేరియాలోని మార్సియానోపోలిస్ నాణేలు దీనికి మంచి ఉదాహరణ. బొమ్మ వైపు చక్రవర్తి, ఒక రాజస్త్రీ ఎదురెదురుగా ఉంటారు, బొరుసు మీద ప్రాంత గవర్నర్ పేరు ఉంటుంది. క్వింటిలియానస్ అని ఉంటే కరకల్లా, ఎదురుగా ఉన్నది తల్లి జూలియా డోమ్నా. జూలియస్ ఆంటోనియస్ సెలూకస్ అని ఉంటే ఎలగబాలస్, ఎదురుగా ఉన్నది అమ్మమ్మ జూలియా మేసా. ముఖాలతో కుస్తీ పట్టాల్సిన పనే లేదు. ఆంటియోక్ వెండి నాణేల్లో గద్ద చుట్టూ ఉన్న రాతలో ఎన్నోసారి కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత పదవి) అయ్యాడో చూడాలి, అంకెలకు గ్రీకు అక్షరాలే వాడేవారు: డెల్టా అంటే నాలుగోసారి, కరకల్లా, బీటా అంటే రెండోసారి, ఎలగబాలస్. అలెగ్జాండ్రియాలో పాలనా సంవత్సరం వేసేవారు. కరకల్లాకు తండ్రి లెక్కే కొనసాగి 25 దాకా వెళ్లింది, ఎలగబాలస్‌ది 5తో ఆగిపోయింది.

ఎఫెసస్‌లో ఇంకో రకం ఆధారం ఉంది. చక్రవర్తి ఆరాధనకు గుడి కట్టుకునే హోదాను నగరాలు గొప్పగా చాటుకునేవి. ఎఫెసస్ ఎలగబాలస్ కాలంలో నాలుగోసారి ఆ హోదా పొందినట్టు రాసుకుంది, అతను పోయాక మళ్లీ మూడుకు దిగింది. కేరియాలోని (ఇప్పటి టర్కీ నైరుతి ప్రాంతం) స్ట్రాటోనికియా నాణేలైతే మరీ చిత్రం. కరకల్లా ముఖం అలాగే ఉంటుంది, ఎదుటి ముఖం ఉండాల్సిన చోట చెక్కేసిన నున్నటి జాగా. 211 డిసెంబర్‌లో తమ్ముడు గేటాను చంపించి, అతని గుర్తులన్నీ చెరిపించినప్పటి పని అది. అక్కడ లేని ముఖమే ఉన్నవాడెవరో చెబుతుంది.

ఇన్ని ఆధారాలున్నా గందరగోళం ఎందుకు పోలేదంటే, పాత కేటలాగుల పుణ్యం. 1806లో మొదలైన ఫ్రెంచ్ నాణేల నిపుణుడు మియోనే సంపుటాల్లాంటివి నాణేలను ఊళ్లవారీగా పేర్చాయి, ఒకరు రాసిన పేరును తర్వాతివాళ్లు ఎత్తి రాసుకున్నారు. ఫోటోలు లేని కాలం, పోల్చి చూసే వీలు తక్కువ. 1992లో రోమన్ ప్రావిన్షియల్ కాయినేజ్ అనే కేటలాగు మొదటి సంపుటం వచ్చాక గానీ నాణేలన్నిటినీ ఒక్కచోట చేర్చి సరిచూసే పని గట్టిగా మొదలవలేదు. గవర్నర్ పేరూ సంవత్సరమూ లేని చిన్న ఊళ్ల కంచు నాణేలకు ఇప్పుడు మిగిలిన దారి అచ్చులను పోల్చడమే: అదే బొమ్మ అచ్చు పక్క ఊళ్లో తేదీ ఉన్న నాణెం మీద దొరికితే తేలిపోతుంది. దొరకనంతవరకు "లేదా" అని రాసిన చీటీనే నేను నమ్ముతాను, ఒక్క పేరే ధీమాగా వేసి ధర పెంచిన అమ్మకందారుడిని కాదు.